సుక్కమ్మ ఆముదం, వాడ గాలిమర

కోస్గి చుట్టుపక్కల ఊళ్ళలో ఆముదం అంటే సుక్కమ్మ ఆముదమే. గింజలు వేయించి, రోట్లో దంచి, నీళ్ళలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను ఓపికగా గరిటెతో తీసేది. పసిపిల్లల మాడుకు అదే, ముసలాళ్ళ మోకాళ్ళకు అదే, బండి ఇరుసుకు పెట్టే కందెనలోకీ అదే. మొగుడు పోయాక ఆ నూనె అమ్మే ఇల్లు నెట్టుకొచ్చింది. కిందటేడు తీసిన నూనె మాత్రం చచ్చినా అమ్మేది కాదు. "పాతవడితే బంకైతది, నా పేరు పోతది," అని దీపంలో పోసి కాల్చేసేది. పేరంటే అంత పట్టింపు మరి.

ఎనభై ఆరు కరువులో పట్నం నుంచి ఒక సంస్థ వాళ్ళు వచ్చి, ఆమె ఉండే వాడలో బావి మీద గాలిమర నిలబెట్టారు. గాలికి రెక్కలు తిరిగితే, పైనున్న ఇనుప పెట్టెలో పళ్ళచక్రాలు తిరిగి, నీళ్ళు తోడి తొట్లో పోస్తాయి. అప్పటిదాకా ఆ వాడ ఆడవాళ్ళు చేన్లకు అడ్డంపడి ఎక్కడో దూరాన ఉన్న బావికి పోయి, అక్కడివాళ్ళ మాటలు పడి నీళ్ళు తెచ్చుకునేవాళ్ళు. ఇప్పుడు తొట్టి గడప ముందే ఉంది.

మరను చూసుకోవాలంటే నిచ్చెనమెట్లు పట్టుకుని కొసదాకా ఎక్కాలి. మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుక్కమ్మ వాళ్ళందరి మొహాలూ చూసి, చీర గోచి పెట్టి ఎక్కేసింది.

ఏడాది తిరిగేసరికి పెట్టెలో నూనె నల్లబడింది, చక్రాలు కిర్రుమన్నాయి. కొత్త నూనె డబ్బా వస్తుందన్నారు గానీ రాలేదు. సుక్కమ్మ ఆగే మనిషి కాదు. "ఎన్ని బండ్లు నా నూనెతోని నడుస్తలేవు? గిదొక లెక్కనా?" అంటూ నల్ల నూనె వంపేసి, తన ఆముదం నింపింది. మర నోరు మూసుకుంది. ఇక ఆమె నోటికి మూత లేదు. నీళ్ళకొచ్చిన ప్రతివాళ్ళనూ నిలబెట్టి, "ఇంటున్నరా? చప్పుడేమన్న ఉన్నదా?" అని అడిగేది. చప్పుడే లేనప్పుడు పెట్టె మూత తీసి చూసే పనేముంటుందని ఊరుకుంది. అట్లా ఏడాది దాటింది, ఇంకో చలికాలం వచ్చింది.

ఒక పొద్దున గాలి బాగా వీస్తున్నా రెక్కలు వణికాయే గానీ తిరగలేదు. ఆడవాళ్ళు కడవలెత్తుకుని మళ్ళీ పాత దారి పట్టారు. కబురందుకుని సంస్థ సారు జీపులో వచ్చాడు, వెంట కోస్గిలో ఇంజన్లు బాగుచేసే నూరుద్దీన్‌ను తెచ్చాడు.

నూరుద్దీన్ పైకెక్కాడు, వెనకాలే సుక్కమ్మా ఎక్కింది. మూత తీస్తే పుల్లటి కంపు కొట్టింది. ఆముదం బెల్లం పాకంలా ముదిరి, దుమ్ము కలిసి, చక్రాల పళ్ళ సందుల్లో గట్టిపడింది. ఆమె ఆముదం ఎరగనివాడు కాదతను, వాళ్ళమ్మ మోకాళ్ళు దానితోనే నడుస్తున్నాయి.

"ఇరుసుకైతే కొత్తది పెడ్తాంటే పాతది రాలిపోతది పెద్దమ్మా," అన్నాడు మెల్లగా. "ఇది మూసిన పెట్టె. పాతది యాడికి పోతది?"

సిగ్గుతో సుక్కమ్మ మొహం చిన్నబోయింది.

కిందికి దిగాక సారు ఏమైందని అడిగితే, "చక్రాల పండ్లు పట్టేసినయి సార్," అని మాత్రం అని నూరుద్దీన్ చేతులు తుడుచుకున్నాడు. వాడకు పెద్దమనిషి, పెద్దులు అనే ఆయన కూడా సుక్కమ్మను కాపాడదామని ముందుకొచ్చి, "మిషిన్లనే ఏదో దోషమున్నది సారూ," అన్నాడు.

సారు నిట్టూర్చాడు. "మిషన్‌లోనే దోషమైతే విప్పి తీసుకుపోవాలి. మళ్ళీ ఇక్కడికే వస్తుందని చెప్పలేను, వేరే ఊళ్ళవాళ్ళు అడుగుతున్నారు."

పెద్దులు నాలుక కరుచుకున్నాడు. ఊరుకుంటే సుక్కమ్మ పేరు నిలుస్తుంది, మర పోతుంది. నోరు విప్పితే మర నిలుస్తుంది, కానీ ఆమె నూనె మళ్ళీ ఎవరు కొంటారు? సుక్కమ్మకు పెద్దుల మీద కోపమొచ్చింది, సారు మీద వచ్చింది, అందరికన్నా ఎక్కువ తన మీద తనకే వచ్చింది. ఊరి బండ్లకు కూడా పాత నూనె పెట్టనివ్వని మనిషి, వాడంతటికీ నీళ్ళిచ్చే దాంట్లో నూనెను పాతబడనిచ్చింది.

"మిషిన్ల దోషం లేదు సారూ. నా ఆముదం పోసిన. పాతవడి బంకైంది. కడిగితే నడుస్తది, విప్పకుండ్రి."

చిన్నగా అంది. వెనకవాళ్ళకు వినపడలేదేమోనని మళ్ళీ గట్టిగా చెప్పింది. "నా ఆముదమే."

సారు నూరుద్దీన్ వైపు చూశాడు. అతను తలూపాడు. సుక్కమ్మా అతనూ మళ్ళీ పైకెక్కి, కిరసనాయిలు పోసి, కొబ్బరి పీచుతో రుద్ది, ఆ బంక వదిలించేసరికి ఇద్దరికీ నడుములు పడిపోయాయి. జీపులో తెచ్చిన గేరు నూనె పోశారు. రెక్కలు తిరిగాయి. తొట్లో నీళ్ళు పడుతుంటే సుక్కమ్మ అందరి ముందే ఏడ్చేసింది.

"ఎట్లున్నది పెద్దమ్మా, డబ్బా నూనె?" అన్నాడు నూరుద్దీన్ నవ్వుతూ.

"వాసనొక్కటే బాగలేదు," అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఆ ఏడు కూడా బండ్లవాళ్ళు ఆముదానికి వచ్చారు. కాకపోతే సీసా అందించేముందు ప్రతివాడూ, "ఇది ఏ యేటిది సుక్కమ్మా?" అని అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక ఆమెను ఎవరూ అడగని మాట అది. విన్నప్పుడల్లా ప్రాణం చివుక్కుమనేది. వెనకటి సుక్కమ్మయితే సీసా లాక్కుని వెళ్ళగొట్టేది. ఇప్పుడు మాత్రం, "ఈ యేటిదే," అని నెమ్మదిగా చెప్పి, నింపి ఇచ్చి, కడవ తీసుకుని గడప ముందున్న తొట్టి దగ్గరికి పోయేది.