పదిహేడో నంబరు పంపిన సున్నాలు

ఆవిడకి మాట్లాడటం ఎంత ఇష్టమో చెప్పాలంటే, వాళ్ళాయన చెవుల్లో దూది పెట్టుకుని పేపరు చదువుతాడని చెబితే చాలు. అలాంటి మనిషి ఆస్పత్రిలో కౌన్సిలరుగా, ఎదుటివాళ్ళ మాట వినడమే ఉద్యోగంగా, పాతికేళ్ళు నెట్టుకొచ్చింది. ఎలా నెట్టుకొచ్చిందో ఎవరికీ అంతుపట్టదు.

ఈ మధ్య ఆస్పత్రివాళ్ళు గంజాయి అలవాటైన కుర్రకారు కోసం ఒక పథకం పెట్టారు. మొదటిరోజు గదిలో గంటసేపు కౌన్సిలరుతో మాటలు. ఆ తర్వాత ఆరు వారాల పాటు రోజూ సాయంత్రం ఏడింటికి ఫోనుకి ఒక మెసేజు: 'ఇవాళ ఎన్నిసార్లు?' వచ్చిన అంకెని బట్టి ఆవిడ రెండు ముక్కలు జవాబు రాయాలి. రెండు ముక్కల్లో సరిపెట్టడం ఆవిడకి ప్రాణం మీదకొచ్చింది. అందుకని పొదుపు చేసిన మాటలన్నిటికీ బదులు మెచ్చుకోళ్ళు కుమ్మరించడం మొదలుపెట్టింది. ఒకటి తగ్గితే 'బంగారం', రెండు తగ్గితే 'నాకెంత గర్వంగా ఉందో'. శిక్షణలో కూడా మెచ్చుకోమనే చెప్పారు. ఎంత మెచ్చుకోవాలో చెప్పడం మరిచిపోయారు.

అందరిలోకీ ఆణిముత్యం, జాబితాలో పదిహేడో నంబరు. ఇరవై ఏళ్ళవాడు, ఇనప సామాను చేసే వర్క్‌షాపులో హెల్పరు. ఒకరోజు అతని దగ్గర గంజాయి వాసన పసిగట్టిన యజమాని, ఆరు వారాల్లో మానేశాడని ఆస్పత్రి నుంచి ఉత్తరం తెస్తే ఇనుము చెక్కే లేత్ మిషను మీద నిలబెడతాననీ, తేకపోతే ఇంటికి పొమ్మనీ తేల్చి చెప్పాడు. మొదటిరోజు గదిలో ఆ గంటా ఆవిడే మాట్లాడింది. కుర్రాడు నాలుగుసార్లు 'సరే మేడమ్' అన్నాడు. ఫైల్లో ఆవిడ 'చక్కగా సహకరించాడు' అని రాసుకుంది.

నిజంగానే సహకరించాడు. మొదటిరోజు ఐదు, మర్నాడు నాలుగు, మూడో వారానికి ఒకటి, నాలుగో వారం నుంచి వరసగా సున్నాలు. ఏడు కొట్టేసరికి ఠంచనుగా జవాబు. పెద్ద డాక్టరు ఆ అంకెలతో గీత గీయించి గోడకి తగిలించాడు. గీత ఎంత నున్నగా దిగిందంటే, అందులో ఒక్క చెడ్డరోజు కూడా లేదు. పాతికేళ్ళ అనుభవం ఉన్న మనిషికి అక్కడే అనుమానం రావాలి. రాలేదు. పొగిడేవాళ్ళకి కూడా ఒక మత్తుంటుంది.

ఉత్తరం ఇవ్వాల్సిన రోజు కుర్రాడు వచ్చాడు, వెంట తల్లి. ఆమె బట్టలు కుడుతుంది. రవికకి గుచ్చుకున్న సూది తీయడం మరిచిపోయి వచ్చింది. ఆవిడ ఉత్తరం మీద సంతకం పెట్టబోతూ తలెత్తి చూసింది. కుర్రాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చొక్కా వాసన చెప్పనక్కర్లేదు.

"నిన్నటి మెసేజులో కూడా సున్నా అన్నావు కదరా," అంది.

"ఏం మెసేజు మేడమ్? నాకేం రాలేదు. ఆ మొదటిరోజుతో అయిపోయిందనుకున్నాను."

ఆవిడ ఫైలు తిరగేసింది. చేరినరోజు తన ఫోను రిపేరులో ఉందని కుర్రాడు తల్లి నంబరు రాశాడు. ఇద్దరూ తల్లివైపు తిరిగారు. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"మొదటిరోజు నిజమే రాశానమ్మా. ఐదు. ఇంట్లో స్టవ్వుకి లైటరుంది, అగ్గిపుల్ల గీసేది వీడొక్కడే. పొద్దున, సాయంత్రం వీడి జేబులో పెట్టె తీసి పుల్లలు లెక్కపెడతాను. 'రేపు నాలుగుకి ప్రయత్నిద్దామా' అని మీరు రాశారు. మర్నాడూ ఐదే. మీ మనసు కష్టపడుతుందని నాలుగని రాశాను. దానికి మీరెంత సంతోషించారో. ఇక ఆ తర్వాత పెంచడానికి చెయ్యి రాలేదు."

"నాకోసమా?"

"మీకోసమే. నన్ను బంగారం అన్నవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు."

ఆవిడకి ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఆ సున్నాలు రాసింది తల్లే, కానీ రాయించింది తనే. కుర్రాడు మాత్రం తల్లిని వింతగా చూస్తున్నాడు. అగ్గిపుల్లల సంగతి అతనికీ ఇప్పుడే తెలిసింది.

"ఇవాళ ఎన్నిసార్లు?" అని ఆవిడ కుర్రాణ్ణి అడిగింది.

"మూడు."

"ఎప్పుడెప్పుడు?"

కుర్రాడు చెప్పడానికి చాలాసేపు పట్టింది. పొద్దున వర్క్‌షాపు గేటు చూడగానే ఒకటన్నాడు. అందరిముందూ యజమాని అరుస్తాడని ఒకటి, అరిచాక ఒకటి. మిషను మీద నిలబెడితే చెయ్యి అందులో ఇరుక్కుంటుందేమోనని భయమన్నాడు. ఆవిడ గంటసేపు నోరు మెదపలేదు. ఇదే పని మొదటిరోజు చేసి ఉంటే ఆరు వారాలు మిగిలేవి.

"ఉత్తరం ఇవ్వండమ్మా," అంది తల్లి. "లేకపోతే వాడి పని పోతుంది."

"ఇస్తే వేళ్ళు పోతాయి."

ఆవిడ పాత ఉత్తరం చింపి కొత్తది రాసింది. ఇతను ఇంకా మానలేదు, ఆరు వారాల పాటు మిషను దగ్గరకి రానివ్వద్దు, స్టోరులో సామాను అందించే పని ఇవ్వండి, మా వైపు పొరపాటు వల్ల చికిత్స ఇవాళే మొదలైంది. సంతకం పెట్టాక యజమానికి స్వయంగా ఫోను చేసి, వాళ్ళాయన వినలేక దూది పెట్టుకునే మాటలన్నీ అతని చెవిలో పోసింది. చివరికి అతను సరేనన్నాడు, మూడు వారాలకే. ఆ తర్వాత చూస్తానన్నాడు. పాతికేళ్ళలో ఆవిడ నోరు ఎవరికైనా పనికొచ్చిందంటే ఆరోజే.

గోడమీద గీత తీసేయడానికి పెద్ద డాక్టరు ఒప్పుకోలేదు. మేకు బలంగా దిగిందన్నాడు. ఆవిడే కుర్చీ ఎక్కి తీసేసింది.

మర్నాడు ఏడింటికి కుర్రాడి సొంత ఫోనుకి మెసేజు పెట్టింది. తల్లికి వేరే మెసేజు: 'ఇవాళ మీకెలా గడిచింది?' ఎవరినీ బంగారం అనకూడదని ముందే ఒట్టేసుకుంది.

పావుగంట గడిచాక కుర్రాడి జవాబు వచ్చింది. 'నాలుగు. అమ్మకి చెప్పకండి.'

వెంటనే తల్లిది. 'నాలుగు పుల్లలు. వాడికి చెప్పకండి.'

ఆరు వారాల్లో సున్నాలు ఇవ్వని సంతోషం ఆ రెండు నాలుగులూ ఇచ్చాయి. ఆవిడ పెద్ద జవాబొకటి రాసి, చెరిపేసి, ఇద్దరికీ ఒకటే పంపింది. 'సరే. రేపు మళ్ళీ అడుగుతాను.'