వెల్డా కారులో పక్క సీటు

వెల్డా స్టౌఫర్ బడి వంటశాలలో గరిటె తిప్పిన మనిషి. ఊళ్ళో సగం మంది ఆమె చేతి చికెన్ నూడుల్స్ తిని పెరిగినవాళ్ళే. అందుకని ఒహాయోలోని మా బేకర్స్ ఫోర్డ్‌లో ఆమె మాటకు ఎదురు చెప్పే దమ్ము ఎవరికీ లేదు, ఒక్క లోవెల్ హార్ట్‌సాక్‌కి తప్ప. అతను గడ్డి కోసే మెషిన్లు బాగుచేస్తాడు. ఆమె డెమొక్రాట్, అతను రిపబ్లికన్. ఇద్దరూ ఒకచోట కూర్చుంటే ఉప్పూ నిప్పూ.

కానీ ఎన్నికల రోజున ఆ ఉప్పూ నిప్పూ ఒకే కారెక్కాలి. మెథడిస్టు చర్చి కింది గదిలో పోలింగు ముగిశాక బ్యాలెట్ సంచులను కౌంటీ ఆఫీసుకు చేర్చాలి కదా. ఒక పార్టీ మనిషి ఒంటరిగా తీసుకెళ్ళడానికి వీల్లేదు, ఎదుటి పార్టీ మనిషి పక్కన కూర్చోవాల్సిందే. ఏళ్ళ తరబడి కారు వెల్డాది, పక్క సీటు లోవెల్‌ది. పోయేటప్పుడు దారి పొడుగునా పోట్లాట, వచ్చేటప్పుడు ఎక్కడో ఆగి కాఫీ. ఆమె భర్తా, అతని భార్యా పోయాక ఆ పోట్లాట కాస్తా ఆదివారం భోజనాల దాకా పాకింది. వినోదం చూసే మాకేం, హాయిగానే ఉండేది.

2011 వేసవిలో మాత్రం వ్యవహారం ముదిరింది. ప్రతివాళ్ళూ ఆరోగ్య బీమా కొనాల్సిందే, కొనకపోతే జరిమానా అని వాషింగ్టన్‌లో చట్టం చేశారు. మా రాష్ట్రంలో ఎవరినీ అలా బలవంతపెట్టకూడదంటూ నవంబరు బ్యాలెట్ మీద మూడో అంశం పెట్టారు. జనమే ఓటేసి తేల్చాలి. లోవెల్ తన వాకిట్లో పచ్చికలో "మూడుకి అవును" అని బోర్డు పాతాడు. వెల్డా ఊరుకుంటుందా? అంతకంటే పెద్దక్షరాలతో "కాదు" బోర్డు పాతింది.

ఒక ఆదివారం భోజనాల దగ్గర మళ్ళీ అదే గొడవ.

"అందరూ తలా గుప్పెడు వేస్తేనే కుండ నిండుతుంది. ఒంట్లో బాగున్నవాళ్ళు తప్పుకుంటే జబ్బుపడ్డవాడి గతేంటి?" అంది వెల్డా.

"మంచి పనైతే అడగమను, వేస్తాను. మెడ మీద చెయ్యేసి తొయ్యడమేంటి?"

"నీ మెడ సరే. మోకాలి సంగతేంటి? మొన్న చర్చి మెట్లు దిగుతూ మూలిగితే పాస్టరు ప్రార్థన ఆపేశాడు."

"దానికి టేపు చుట్టానులే."

నిజంగానే చుట్టాడు, పైపులకు చుట్టే వెండి రంగు టేపు. బీమా లేదు మరి. ప్రభుత్వం ముసలివాళ్ళకిచ్చే బీమా అందే వయసు ఇంకా రాలేదు. డాక్టరు మాటెత్తితే పెడసరంగా తల తిప్పేస్తాడు.

అప్పుడు వెల్డా నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. "అయితే నన్ను పెళ్ళి చేసుకో. నా బడి బీమాలో నీ పేరూ చేరుస్తారు. మోకాలు బాగవుతుంది."

ఏడాదిగా లోపల నలుగుతున్న మాట అది. బీమా వంక మాత్రమే. ఇష్టమని సూటిగా చెప్పడానికి ఆ వయసులో సిగ్గేసింది, అంతే. లోవెల్ ఫోర్కు మీది బంగాళాదుంప జారి పళ్ళెంలో పడింది.

"పొద్దున్నే డోనట్ కొట్టులో చేరే మనవాళ్ళు ఏమంటారు? బీమా వద్దని వాకిట్లో బోర్డు పెట్టి, బీమా కోసం వంటావిడని కట్టుకున్నాడనరూ? నేను తలెత్తుకు తిరగగలనా?" అన్నాడు.

"అంటే నీకు కనపడింది నా బీమా కార్డేనన్నమాట, నేను కాదు," అని, వెల్డా అతను తింటున్న పళ్ళెం లాగేసుకుంది. ఆ రోజు నుంచి మాటల్లేవు. సరే, ఎన్నికల రోజు కారులో తేల్చుకుంటానని పంతం పట్టింది. నేనంటే ఇష్టం ఉందా లేదా, ఒక్క ముక్క చెప్పించాలి. నడుస్తున్న కారులోంచి దూకి పారిపోలేడు కదా.

అక్టోబరులో కౌంటీ ఎన్నికల ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. అవతల మాట్లాడే అమ్మాయి కూడా ఆమె నూడుల్స్ తిన్నదే.

"వెల్డా ఆంటీ, ఈసారి మీ జత మారిందండీ. లోవెల్ గారు పనికిరారు."

"ఏం, పోయాడా?"

"అయ్యో, కాదండీ. ఆయనిప్పుడు మీ పార్టీ. ఒకే పార్టీవాళ్ళిద్దరు సంచులు తీసుకెళ్ళకూడదు కదా."

వెల్డా ఫోను పెట్టేసి, మే నెల సంగతి తలుచుకుంది. అప్పుడు పార్టీలు తమ అభ్యర్థులను తేల్చుకునే లోపలి ఎన్నికలు జరిగాయి. అందులో ఏ పార్టీ బ్యాలెట్ కావాలో నోరు విప్పి అడగాలి, ఏది అడిగితే మళ్ళీ మార్చుకునేదాకా ఆ పార్టీ మనిషి కిందే లెక్క. ఆ ఎన్నికల్లో వెల్డా ఊరి కౌన్సిల్ సీటుకు తన పార్టీ తరఫున నిలబడాలని చూసి, ఓడిపోయింది. పోటీలో ఉన్నవాళ్ళు పోలింగు పని చెయ్యకూడదు గనక ఆ రోజు ఇంట్లోనే ఉంది. లోవెల్ ఏమన్నాడనుకున్నారు? "మీ గుంపులో ఎవరికీ నా ఓటు పడదు, నీకైనా సరే" అన్నాడు, ఆమె మొహాన్నే.

తిన్నగా డోనట్ కొట్టుకెళ్ళి, లోవెల్ చిన్ననాటి స్నేహితుడు ఆర్విల్ బెక్‌ను నిలదీసింది.

"నిజమేనమ్మా. చర్చి గది నిండా జనం ఉండగా, డెమొక్రాట్ బ్యాలెట్ ఇవ్వండని అడిగాడు. మేం నెల్లాళ్ళు ఏడిపించుకు తిన్నాం. వెల్డా నెగ్గాలి, మిగతాది మీకెందుకన్నాడు. నీకు చెబితే నా గడ్డి మెషిన్ బాగుచెయ్యనన్నాడు," అన్నాడు ఆర్విల్.

వెల్డా కారులో కూర్చుని పడీపడీ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. డోనట్ కొట్టు నవ్వుతుందని తనను వద్దన్న మనిషి, తన కోసం అదే కొట్టు చేత నెల్లాళ్ళు నవ్వించుకున్నాడు. చేస్తే చేశాడు, దానివల్ల కారులో పక్క సీటు పోతుందన్న సంగతి మాత్రం ఆ పిచ్చివాడి బుర్రకు తట్టనే లేదు. ఇక అడగాల్సింది తను కాదని వెల్డా నిశ్చయించుకుంది.

ఎన్నికల రోజున లోవెల్ కుంటుకుంటూ ఓటుకొచ్చాడు. వెల్డా బల్ల దగ్గరుంది.

"పేరు?"

"నా పేరు నీకు తెలీదూ?"

"రూలు రూలే. గట్టిగా చెప్పు, మేలో చెప్పినట్టు."

లోవెల్ చెవులు టొమాటో రంగుకు తిరిగాయి. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పేరు చెప్పి, సంతకం పెట్టి, బ్యాలెట్ అందుకుని తల వంచుకుని వెళ్ళాడు.

సాయంత్రం పోలింగు ముగిసింది. మా పోలింగ్ కేంద్రం లెక్కల చీటీ చర్చి తలుపుకి అంటించారు. మూడో అంశం బ్రహ్మాండంగా నెగ్గింది. వెల్డా, ఆమె కొత్త జత అయిన రిపబ్లికన్ ఆర్విల్ సంచులతో బయటికొచ్చేసరికి లోవెల్ ఆ చీటీ ముందు నిలబడి ఉన్నాడు.

"నెగ్గావుగా," అంది వెల్డా.

"నెగ్గాను. ఇక నన్నెవడూ తొయ్యలేడు." టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "అందుకే వచ్చాను. ఎవరూ తొయ్యకుండా, నా కాళ్ళ మీద నేనే."

"ఒక కాలి మీద," అన్నాడు ఆర్విల్.

"నువ్వూరుకో. వెల్డా, ఆ రోజు నువ్వు అడిగావే, ఆ మాట..."

"నేనడిగింది చెల్లిపోయింది. కావాలంటే నువ్వడుగు. బ్యాలెట్ ఎంత గట్టిగా అడిగావో అంత గట్టిగా."

కింద కుర్చీలు సర్దుతున్నవాళ్ళు చప్పుడు ఆపేశారు. లోవెల్ గొంతు సవరించుకున్నాడు. "వెల్డా స్టౌఫర్, నువ్వంటే నాకిష్టం. కార్డు ఉన్నా సరే, లేకున్నా సరే. నన్ను పెళ్ళి చేసుకో," అన్నాడు, మెట్ల కింది దాకా వినపడేలా.

"చేసుకుంటాను," అంది వెల్డా. చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేకపోయింది, చేతుల్లో సంచులు కదా. "పోయిన పార్టీని మళ్ళీ పట్టుకుంటావో మాతోనే ఉంటావో నీ ఇష్టం. మోకాలు మాత్రం వచ్చే నెలలో చూపించాలి. మేం వెళ్ళాలి, నీ ట్రక్కులో వెనకాలే రా."

లోవెల్ రెండడుగులు వేసి ఆగాడు. "మరి డోనట్ కొట్టులో బీమా సంగతెత్తితే ఏం చెప్పను?"

"వెల్డా బలవంతం చేసిందని చెప్పు."

లోవెల్ టోపీ పెట్టుకున్నాడు. "అది మాత్రం ఊరంతా నమ్ముతుంది," అన్నాడు.