టీకొట్టు డిటెక్టివు

కాలువ గట్టున పోయిన నీళ్ల మోటారును, మోకాలి లోతు బురదలో అడుగుజాడలు వెతుక్కుంటూ వెళ్లి, పొరుగూరి గడ్డివాములోంచి బయటికి లాగడం సూర్యచంద్రం గారి మొదటి విజయం. ఆ రోజు ఎస్సైగారు ఆయనకు కుర్చీ వేయించారు. అద్దెకు తెచ్చిన డిటెక్టివు నవలలు అట్టలు ఊడేదాకా చదివిన మనిషి మరి. ఇప్పటికీ రోజూ ఆత్రేయపురం టీకొట్టులో కాలు మీద కాలేసుకుని, పేపర్లోని వింత వార్తలు పైకి చదివి, దొంగెవరో పోలీసులకంటే ముందు చెబుతారు.

పోయిన వారం పూతరేకులు చుట్టే నాగదుర్గ వేలి పాముపడగ ఉంగరం పోయింది. ఆ పూతరేకుల దుకాణంలోనే నెయ్యి డబ్బాలు మోసే ముసలయ్య మర్నాడే, మందు చవగ్గా దొరికే యానాం వెళ్లొచ్చాడని తెలిసి, "ముసలయ్యగాడే! అమ్ముకు తాగొచ్చాడండి" అని ఆయన తేల్చేశారు. "ఆపరేషనైన మా చెల్లిని చూసొచ్చానండి బాబూ" అని ముసలయ్య మొత్తుకున్నా ఎవరూ వినలేదు. పనిలోంచి తీసేస్తే ఆ చెల్లెలింటికే వెళ్లిపోయాడు. నిన్న పొద్దున పేపరు విప్పి, "రాజమండ్రిలో పూతరేకు కొరికితే పంటికి పడగ ఉంగరం తగిలింది. నెయ్యి చేతులతో మడతపెడుతుంటే జారి ఉంటుందని..." అంటూ సూర్యచంద్రం గారు ఆగిపోయారు. "చదవండి డిటెక్టివు గారూ, దొంగెవరో చెప్పండి" అన్నాడు టీకొట్టు గణేష్‌బాబు. ఆయన ఎవరి మొహమూ చూడకుండా లేచి యానాం బస్సెక్కారు. మధ్యాహ్నం భార్య ఫోన్ చేస్తే, "ఏ మొహం పెట్టుకుని రమ్మంటావు? చెల్లెలికి కుట్లు విప్పాక ముసలయ్యగారు వస్తానన్నారు. టీకొట్టు ముందు నుంచి ఆయన నడుస్తుంటే వెనకాల నేనొస్తాను" అన్నారు. ఇద్దరూ బస్సు దిగేది ఈ నెల పంతొమ్మిదో తారీఖున.