చట్రాల రంగు పూసిన సైకిలు

పోయిన నెలలో మా ఇంటి వెనక వసారా రేకులు మార్పించాల్సి వచ్చి, దూలాల మధ్య ఏళ్ల తరబడి ఇరికించి పెట్టిన సామానంతా కిందికి దించాం. విరిగిన మంచం కోళ్లు, అడుగు పోయిన ఇత్తడి బిందె, ఎప్పటికైనా పనికొస్తుందని అమ్మ పారేయనివ్వని కిరోసిన్ స్టవ్వు, వాటన్నిటి వెనకా గోనెసంచి చుట్టి పెట్టిన నా చిన్నప్పటి బీఎంఎక్స్ సైకిలు. నా వయసు వాళ్లకు దాని గురించి వేరే చెప్పనక్కర్లేదు. చిన్న చక్రాలు, లావుపాటి టైర్లు, కొమ్ముల్లా పైకి లేచిన హ్యాండిలు, దానికి అడ్డంగా చుట్టిన స్పాంజి మెత్త. వీధిలో ఒక్కరికి ఆ సైకిలుంటే మిగిలిన పిల్లలంతా దాని వెనక పరుగెత్తిన రోజులవి.

పాత ఇనుము కొనే ఆయన తోపుడు బండి మీదికి దాన్ని ఎత్తబోతుంటే, నేను గట్టిగా అరిచాను.

"ఆగన్నా! అది కాదు!"

బస్సులో నా స్టాపు వచ్చినా కండక్టరును పిలవలేక, తరవాతి స్టాపులో దిగి వెనక్కి నడిచొచ్చే మనిషిని నేను. కంభం రోడ్డులో ఒక చిన్న బడిలో తెలుగు చెప్తాను గాని, ఆ గొంతు బడి గేటు దాటి బయటికి రాదు. అలాంటిది ఆ కేకకు ఎదురింటి వాళ్లు కూడా బయటికి వచ్చి చూశారు. అమ్మ నోరు తెరుచుకుని నిలబడింది. సామాన్లు దించిన తాడును మోచేతికి చుట్టుకుంటున్న నాయన మాత్రం నా వైపు చూడకుండా, "దాన్నేం చేసుకుంటావు తల్లీ, అప్పుడే నీకు నచ్చల్యా గదా," అని మెల్లగా అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ మాట నన్ను ముల్లులా గుచ్చింది. సైకిలు నాకు నచ్చలేదని ఇరవై ఏళ్లుగా ఆయన అనుకుంటూనే ఉన్నాడన్నమాట.

మా ఊరి పలకల మీద ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దుకునే కాలంలో, నాయన ఒక పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. రాయి కోసే పని కాదు, పలక చుట్టూ బిగించే చెక్క చట్రాలకు రంగు వేసే పని. పొడి రంగును నీళ్లలో కాచి, కాస్త జిగురు కలిపి, గుడ్డతో చెక్క మీద రుద్దేవాళ్లు. చెక్క ఆ రంగును తాగేసేది. ఆరాక పైన ఒక పూత వార్నీషు. అన్నం కలుపుతున్నప్పుడు నాయన వేళ్లు చూస్తే చాలు, ఆ వారం ఎర్ర చట్రాలు పోతున్నాయో, పచ్చవి పోతున్నాయో నాకు తెలిసిపోయేది. సబ్బుకు వదలని ఆ రంగు ఆయన గోళ్ల చుట్టూ ఎప్పుడూ ఉండేది.

పని నుంచి వచ్చే దారిలో పాత పేపర్ల దుకాణం ఒకటి ఉండేది. నేను చదువుతానని తెలిసినప్పటి నుంచీ నాయన వారానికోసారి అక్కడ ఆగి, ఏదో ఒక పుస్తకం సంచిలో వేసుకొచ్చేవాడు. ఆయన చదివింది మూడో తరగతి. అందుకని పుస్తకాన్ని లావు చూసి ఎంచేవాడు. అట్ల నాకు పశువుల రోగాల పుస్తకం, చివరి నలభై పేజీలు లేని అపరాధ పరిశోధన నవల, ఎవరో పెద్ద తరగతి పిల్ల వాడేసిన తెలుగు వాచకం వచ్చాయి. హంతకుడెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పుస్తకాల మొదటి పేజీలో ఎవరివో పేర్లుండేవి, కొన్నిట్లో ఊరి పేరు కూడా. దొనకొండ అనో, కొమరోలు అనో చూసి, ఆ ఊళ్లో ఆ పేరుగల మనిషి ఎలా ఉండేదో, ఈ పేజీ చదివేటప్పుడు ఏం తింటూ ఉండేదో ఊహించుకుంటూ కూర్చునేదాన్ని. వాటిని డైరీలో రాసుకునేదాన్ని కూడా. మనుషులతో మాట్లాడలేని నాకు వాళ్లే స్నేహితులు.

ఆరో తరగతికి వచ్చాక బడి రైలు గేటు అవతలికి మారింది. చాలా దూరం. ఒక ఆదివారం సాయంత్రం నాయన సైకిలు నడిపించుకుంటూ వీధి మలుపు తిరిగాడు. నిగనిగలాడే ఎరుపు, వార్నీషు వాసన. అమ్మ పసుపూ కుంకుమా పెట్టి, రెండు చక్రాల కిందా నిమ్మకాయలు ఉంచింది. పక్కింటి పెద్దమ్మ వచ్చి చుట్టూ తిరిగి చూసి, "ఆడపిల్లకు అడ్డకమ్మీ సైకిలేందయ్యా, దీనికి దొరకల్యా వేరేది?" అంటే, నాయన నవ్వి, "నా బిడ్డకేం తక్కువక్కా, ఇమానమైనా తోల్తుంది," అన్నాడు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను.

కాలేజీ మైదానంలో వారం రోజులు నాయన నా వెనక లుంగీ ఎగగట్టి పరుగెత్తాడు. పరుగు మధ్యలో దగ్గొచ్చి కూర్చుండిపోయేవాడు, నేను పడిపోయేదాన్ని, మళ్లీ లేచేవాళ్లం. తొక్కడం వచ్చేసిన తరవాత నాకొక సంగతి అర్థమైంది. సైకిలు మీద పోతున్న మనిషిని ఎవరూ ఆపి పలకరించరు. ఎవరి ఇంటి ముందూ తల దించుకోనక్కర్లేదు, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. నాలాంటి దానికి అంతకంటే ఏం కావాలి? గాలి చెవుల్లో మోగుతుంటే నేను నాలో నేను పద్యాలు చెప్పుకుంటూ పోయేదాన్ని.

అలా నెల కూడా గడవలేదు.

ఆ రోజు శనివారం. శనివారాలు మాకు తెల్ల బట్టలు. సన్నగా తుంపర పడుతోంది. గూడ్సు బండి కోసం రైలు గేటు వేసి ఉంటే, అడ్డకమ్మీకి అటో కాలు ఇటో కాలు వేసి, దాని మీదికే ఆనుకుని నిలబడ్డాను. ఎన్ని పెట్టెలో ఆ బండికి, అవన్నీ లెక్కపెట్టాను కూడా. గేటు తీశాక తొక్కుకుంటూ బడికి పోయి, ప్రార్థన వరసలో నిలబడ్డాను.

వెనక నుంచి ఒక పిల్ల నా జడ లాగింది. "ఏమే, మీ ఇంట్లో తెలుసా? చిమ్మిలి ఎప్పుడు పెడతారే మాకు?"

ఆడపిల్ల పెద్దమనిషయితే పంచే నువ్వుల చిమ్మిలి ఊసు ఇప్పుడెందుకో నాకు అర్థం కాలేదు. ఇంకో పిల్ల నా స్కర్టు వైపు చూపించింది. తెల్ల స్కర్టు మీద ఎర్రగా, తడితడిగా, అరచేయంత మరక. చెక్క తాగినట్టు ఇనుము రంగును తాగదు కదా. వార్నీషు పగిలినచోట తడి తగలగానే రంగు కరిగి నా బట్టలకంటింది. ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గాని, ఆ నిమిషంలో రెండు చేతులతో ఆ మరక కప్పుకున్నాను. ఎట్లాగో, "అది సైకిలు రంగే," అన్నాను.

"అబ్బో! అయితే నీ సైకిలు పెద్దమనిషయినట్టుందే! దానికే పెడదాం చిమ్మిలి!"

వరసంతా నవ్వింది. పక్క వరసలోని మగపిల్లలు కూడా, ఎందుకో తెలియకపోయినా నవ్వారు. టీచరమ్మ తన శాలువా నాకు చుట్టి, మీ అమ్మతో చెప్పమ్మా అని గుసగుసగా అని ఇంటికి పంపింది. ఆమె కూడా నమ్మలేదు.

దారిలో బోరింగు దగ్గర ఆగి స్కర్టు రుద్దాను. ఎరుపు గులాబీ రంగయింది గాని పోలేదు. ఇంటికి పోయి, అమ్మ చూడకముందే దాని మీద నీలం సిరాబుడ్డి మొత్తం ఒలకబోశాను. సిరా ఒలికినందుకు తిట్లు పడ్డాయి. ఆ తిట్లు ఎంత హాయిగా అనిపించాయో!

సాయంత్రం నాయన పని నుంచి వచ్చేసరికి సైకిలు గోడకు ఆనించి ఉంది. అడ్డకమ్మీ మీద ఎరుపు లేచిపోయి, కింద నుంచి నీలం కనిపిస్తోంది. అది లోపలి పూత కాబోలనుకున్నాను నేను. నాయన ఆ నీలం మీద చేయి పెట్టి నిలబడ్డాడు.

"నాకు సైకిలు వద్దు నాయనా. నడిచి పోతా."

"ఏమైందమ్మా?"

"ఏం లేదు. వద్దంతే."

ఆయన కమ్మీని చూశాడు, నన్ను చూశాడు. ఇంకో మాట అడగలేదు. మర్నాడు సైకిలుకు గోనెసంచి చుట్టి దూలాల మీదికి ఎక్కించాడు. ఆనాటి డైరీలో ఒక్కటే వాక్యం ఉంది: "సైకిలు మంచిది కాదు." నా డైరీతో కూడా అంతకు మించి చెప్పుకోలేకపోయాను.

"చిమ్మిలి" అన్న పేరు ఆ ఏడాదంతా నన్ను వదల్లేదు. అంతకంటే బాధ పెట్టింది మరొకటి. నాయన పుస్తకాలు తేవడం మానేశాడు. మొదట్లో దుకాణం మూసేశారేమో అనుకుని ఆ వీధిన పోయి చూశాను. తెరిచే ఉంది. ఏడాదికి ఒకసారి మాత్రం, బజారులో కొన్న కొత్త పుస్తకం, గట్టి అట్ట, పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నది, నా చేతికిచ్చి వెళ్లిపోయేవాడు. సైకిలు వద్దన్నందుకు కోపం వచ్చిందనుకున్నాను. ఆయనను అడగలేదు. ఆయనా నన్ను అడగడు. మా ఇద్దరిదీ ఒకే మట్టి.

ఇంతకాలానికి సైకిలు కిందికి దిగింది కదా, దాన్ని ఎలాగైనా బాగుచేయించాలని బస్టాండు వెనక సైకిల్ షాపు తాత దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని నన్నూ, దాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఏందమ్మా, నువ్వు తొక్కేదానికేనా? మోకాళ్లు గెడ్డానికి తగుల్తాయి సూడు." నేను సిగ్గుపడి నవ్వాను. టైర్లు, గొలుసు, బ్రేకు తీగలు అన్నీ కొత్తవి వేయాలన్నాడు. తరవాత గరుకు కాగితం తీసుకుని కమ్మీ రుద్దడం మొదలుపెట్టి, వేలికంటిన ఎర్రపొడిని వాసన చూసి ఆగిపోయాడు.

"ఇది ఇనుముకేసే రంగు కాదమ్మా. పలకల చట్రాల రంగు. ఎవరు పూసినారో గాని, ఎంత సాపుగా పూసినారు! చేయి మంచిది. రంగే తప్పు."

ఇంకా రుద్దాడు. ఎరుపు కింద నీలం, ఆ నీలం మీద తెల్ల ఆయిల్ పెయింటుతో గుండ్రటి అక్షరాలు. ఎవరో పిల్లవాడి పేరు, దాని కింద "కంభం".

నేను అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. అది కొత్త సైకిలు కాదు. ఆ పేరు నాకు కనపడకూడదని నాయన తనకు తెలిసిన ఒక్క రంగుతో దాన్ని కప్పాడు. ఆ సాయంత్రం నీలం బయటపడటం చూసి, నాకు విషయం తెలిసిపోయిందని, ఒకరు వాడేసిన వస్తువు తెచ్చినందుకే వద్దన్నానని అనుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి నాయన వసారాలో కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరుతున్నాడు. నేనూ చేటకు ఇటువైపు కూర్చున్నాను. ఆడపిల్ల తండ్రితో చెప్పే మాట కాదది. అయినా పప్పు వైపు చూస్తూ, శనివారం సంగతి మొత్తం చెప్పేశాను. తుంపర, గేటు, మరక, చిమ్మిలి, సిరాబుడ్డి. నాయన వేళ్లు ఆగిపోయాయి.

"నేను పూసిన రంగా?" అన్నాడు.

"ఊఁ."

"అది పాతదని తెలిసి వద్దన్నావేమో అనుకుంటి గదమ్మా. నా బిడ్డకు పాతవంటే నామోషీ అనుకుంటి."

"అందుకేనా నాయనా, పుస్తకాలు తెచ్చేది మానేసినావు?"

ఆయన తల ఊపాడు. "అవీ పాతవే గదా."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పాత పుస్తకాల్లో పేర్లు చూసి బతికిన పిల్లకు, ఆ సైకిలు మీద పేరు కనిపించి ఉంటే ఎంత సంబరపడేది! కంభంలో ఆ పిల్లవాడు చెరువు కట్ట మీద తొక్కేవాడా, ఎందుకు అమ్మేశారు అని ఎన్ని పేజీలు రాసుకునేదాన్నో. ఇద్దరం ఒకరినొకరం ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. లోపలి నుంచి అమ్మ, "తండ్రీకూతుళ్లు పప్పు ఏరుతున్నారా, పండిస్తున్నారా?" అని కేకేసింది.

పది రోజులకు సైకిలు తయారైంది. ఎరుపే వేయించాను. కంభం అక్షరాలున్నంత మేర మాత్రం నీలాన్ని అలాగే ఉంచమన్నాను. నాయన వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. భుజం మీది తెల్ల తువ్వాలు తీసి, కుళాయి కింద తడిపి, అడ్డకమ్మీని ఈ చివర నుంచి ఆ చివరకు గట్టిగా తుడిచాడు. తువ్వాలు వెలుతురులో పట్టుకుని, తిప్పి తిప్పి చూసి, నాకూ చూపించాడు. ఏమీ అంటలేదు.

వీధి చివరి దాకా తొక్కాను. తాత అన్నట్టే మోకాళ్లు అడ్డొచ్చాయి. అందరూ చూశారు, చూడనీ అనుకున్నాను.

ఇప్పుడు మా బడిలో పిల్లల సంచుల్లో పలకలు అరుదు. నాయన పనిచేసిన ఫ్యాక్టరీ స్థలంలో ముళ్ల చెట్లు మొలిచాయి, ఆయన గోళ్ల చుట్టూ రంగు ఎప్పుడో వదిలిపోయింది. పెద్ద తరగతుల ఆడపిల్లలు స్కూటీల మీద గలగలా మాట్లాడుకుంటూ వస్తారు, వాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. పాత పేపర్ల దుకాణం ఉంది గాని, అందులో అట్టపెట్టెలే గుట్టలుగా పడి ఉంటాయి. నిన్న నాయన అక్కడికే పోయినట్టున్నాడు. చాలాసేపు వెతికి ఉంటాడు. సంచిలోంచి ఒక పుస్తకం తీసి, నా బల్ల మీద పెట్టాడు. ఇంటర్మీడియట్ జంతుశాస్త్రం, రెండో భాగం. లావుగా ఉంది. మొదటి పేజీలో ఎవరో గిద్దలూరు అమ్మాయి పేరుంది. ఈ రోజు బడి నుంచి వచ్చి చదవడం మొదలుపెట్టాను. వానపాము దగ్గరున్నాను.