అక్క పేరులో అక్షరం

జిప్పులమ్మ అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. బస్టాండు వెనక, మెట్ల కింద ఉన్న ఇరుకు గదే ఆమె దుకాణం. కొత్త బట్టలు కుట్టదు. బిగుతైనవి వదులు చేస్తుంది, పొడుగైనవి కురచ చేస్తుంది, పాడైన జిప్పులు తీసి కొత్తవి వేస్తుంది. అసలు పేరు పెట్టి పిలిస్తే తనకే వినపడదని మొగుడు ఆటపట్టిస్తుంటాడు. పనిలో మాత్రం మహా పట్టుదల. టేపు పెట్టి ఒకటికి రెండుసార్లు చూడందే కత్తెర పట్టదు. “సుమారుగా అనే మాట నా దగ్గర చెల్లదు” అంటుంది.

ఆమె తల్లి ఆమె దగ్గరే, దుకాణం వెనక గదిలో ఉండేది. ఆ తల్లికి ఊహ తెలుస్తున్న వయసులో ఏరు పొంగి ఊరిమీద పడింది. పిల్లల్ని పడవల్లోకి ఎక్కిస్తుంటే చిన్నదని తనను ముందు పడవలో కూర్చోబెట్టారు. అక్కను తర్వాతి పడవలో రమ్మన్నారు. అక్క ఒడ్డునుంచే తన స్వెట్టరు విప్పి, “వేసుకో, జలుబు చేస్తుంది” అని పడవలోకి విసిరింది. ఆ రెండో పడవ ఎటు పోయిందో, అందులోవాళ్లు ఏ గట్టు చేరారో ఈ చిన్నదానికి చెప్పినవాళ్లు లేరు. అమ్మానాన్నల జాడా తెలియలేదు. ఇంటిపేరు అడిగితే చెప్పడం రాదు. తన పేరు అడిగితే ఇంట్లో పిలిచే ముద్దుపేరు చెప్పింది. చివరికి పిల్లల ఆశ్రమంలో చేర్చుకుని, కొత్త పేరు పెట్టి పెంచారు. పాత ఇంటినుంచి ఆమెకు మిగిలినవి మూడే: తన ముద్దుపేరు, ఆ స్వెట్టరు సంగతి, అక్క పేరు. ఆ పేరును జీవితమంతా కంటికి రెప్పలా కాపాడుకుంది. కూతురికి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

ముసలితనం మీద పడ్డాక ఆ తల్లి ఒకనాడు అంది, “అక్క ఉందో లేదో తెలిస్తే చాలే. కలవకపోయినా ఫర్వాలేదు.”

దుకాణానికి వచ్చే బ్యాంకు ఉద్యోగిని ఒకావిడ వంశవృక్షాల వెబ్‌సైటు గురించి చెప్పింది. ఎవరి కుటుంబాన్ని వాళ్లు అందులో పెట్టుకుంటారట, పేరు కొట్టి వెతుక్కోవచ్చట. జిప్పులమ్మ ఆ సాయంత్రమే ఫోను ముందేసుకుని కూర్చుంది. తల్లి చెప్పిన పేరు అక్షరం పొల్లుపోకుండా కొట్టింది. కింద ఒక చిన్న గడి ఉంది: ‘సరిగ్గా ఇదే పేరు’. అది చూసి ప్రాణం లేచివచ్చింది. తనకు కావలసింది అదే కదా అని టిక్కు పెట్టింది. కొందరు వచ్చారు. ఒకరు మరీ చిన్నవాళ్లు, మరొకరు మరీ పాతకాలంవాళ్లు. ఆ ఏటి పక్క ఊళ్లవాళ్లు ఒక్కరూ లేరు.

వారం విడిచి వారం వెతికింది. టిక్కు మాత్రం తియ్యలేదు. తీస్తే ఊళ్లో ఉన్నవాళ్లంతా వచ్చి పడతారని మొగుడితో అంది.

“ఏమైనా తెలిసిందా?” అని తల్లి అడుగుతుండేది. ఒకరోజు ఇంక దాచలేక, “లేదమ్మా. ఆ పేరుతో ఎవరూ లేరు” అని చెప్పేసింది.

తల్లి గోడవైపు తిరిగి పడుకుంది. “ఉండి ఉంటే దొరికేదిలే” అంది. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ చలికాలంలోనే పోయింది.

కబురు తెలిసి, ఆశ్రమంలో ఒకప్పుడు వంట చేసిన ముసలావిడ పరామర్శకు వచ్చింది. చేతికర్ర పక్కన పెట్టి, టీ తాగుతూ పాత సంగతులు తవ్వింది.

“మీ అమ్మ వచ్చిన కొత్తలో నోరు తిరిగేది కాదమ్మా. రొట్టె అనమంటే లొట్టె అనేది. రాత్రిని లాత్రి అనేది. మేమంతా నవ్వితే మూతి ముడుచుకుని కూర్చునేది. బళ్లో వేశాక ఎప్పటికో దారిలో పడింది.”

జిప్పులమ్మ చేతిలోని పళ్లెం అలాగే ఉండిపోయింది. తల్లి చెప్పిన అక్క పేరు ‘ల’తోనే మొదలవుతుంది. ఆ ‘ల’ తీసి ‘ర’ పెట్టినా అది పేరే, నలుగురూ పెట్టుకునే పేరే. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. రొట్టె రోజూ కంచంలోకి వచ్చేది, రాత్రి రోజూ వచ్చేది, తప్పు పలికితే దిద్దేవాళ్లూ పక్కనే ఉండేవాళ్లు. అక్క పేరును దిద్దాల్సిన అక్క ఒక్కతే లేదు. పసిదాని నోట్లో ఎలా ఉందో అలాగే ఆ పేరు ముసలిదైపోయింది.

ఆవిడను బస్సెక్కించి వచ్చి మళ్లీ ఫోను తీసింది. ఈసారి ‘ర’ పెట్టింది. టిక్కు తీసేసింది. ఇంటిపేరు ఖాళీగా వదిలి, పుట్టిన ఏడు అటూ ఇటూగా వేసి, ఏటి పేరు చేర్చింది. జనం కుప్పలుగా వచ్చారు. ఓపిగ్గా ఒక్కొక్కరినీ చూసుకుంటూ పోయింది. ఒక కుటుంబంలో ఆ పేరు పక్కనే చెల్లెలి గడి ఉంది. అందులో తల్లి ముద్దుపేరు. కింద: ‘వరదలో మరణించింది’.

ఆ వృక్షాన్ని పెట్టింది అక్క కొడుకు. జిప్పులమ్మ నాలుగు ముక్కలు రాసి పంపితే మర్నాడు ఫోను చేశాడు. గొంతులో నమ్మకం లేదు.

“చూడండి, మా పిన్ని చిన్నప్పుడే పోయింది. మీరెవరో పొరబడ్డారు.”

“కావచ్చు బాబూ. ఒక్క మాట మాత్రం మీ అమ్మగారిని అడగండి. పడవలోకి స్వెట్టరు విసిరిందా అని.”

“అది అమ్మ మాకు తప్ప ఎవరికీ చెప్పలేదు” అన్నాడు. తర్వాత, “అమ్మకి ఈ మాట ఎలా చెప్పాలో తెలియడం లేదు. మీరు రండి అక్కా, మీరే చెప్పండి” అన్నాడు.

పెద్దమ్మ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. జిప్పులమ్మ ఆమె కాళ్ల దగ్గర కూలబడి, దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ మరచిపోయి, ఉన్నదున్నట్టు చెప్పింది. పడవ గట్టు చేరిందనీ, చెల్లెలు పెరిగి పెళ్లాడి తనను కన్నదనీ, మొన్న చలికాలంలో నిద్రలోనే పోయిందనీ.

పెద్దమ్మ కన్నీళ్లు పెట్టలేదు. జిప్పులమ్మ తలమీద చెయ్యి వేసింది. “ఒక్క పూటలో నా చెల్లెల్ని బతికించి, మళ్లీ చంపేశావే తల్లీ” అంది.

సరిగ్గా వెతికానని జిప్పులమ్మ అనుకున్న రోజుల్లో ఇద్దరూ బతికే ఉన్నారు. అది పెద్దమ్మతో చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పింది కూడా.

“నువ్వేం చేస్తావే? అది చెప్పిందే కదా నువ్వు వెతికింది. ఇంతకీ నన్ను ఏమనేది?”

జిప్పులమ్మ తల్లి పలికినట్టే ‘ల’తో పలికింది. పెద్దమ్మ ముందు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకుంది. కొడుకు వచ్చి భుజం పట్టుకునేదాకా ఆమె వీపు ఎగిసిపడుతూనే ఉంది.

తేరుకున్నాక కొడుకును ఫోను తీయమంది. చెల్లెలి గడిలో వరద మాట తీయించి, అసలు పోయిన తేదీ వేయించింది. తన పేరు కింద చెల్లెలు పిలిచిన పేరు కూడా రాయమంది.

“అది తప్పు పేరు కదమ్మా” అన్నాడు కొడుకు.

“తప్పయితే ఏం? దాంతోనే కదరా వెతికారు. రాయి.”

తర్వాతి నెలలో పెద్దమ్మ చెల్లెలు ఉన్న ఇల్లు చూస్తానని వచ్చింది. దుకాణం వెనక గదిలో తల్లి మంచం ఇంకా తీయలేదు. దానిమీద కూర్చుని దుప్పటి సర్దింది, కిటికీలోంచి ఏం కనిపిస్తుందో వంగి చూసింది. కాసేపు నడుం వాలుస్తానంది. ఆ మధ్యాహ్నం జిప్పులమ్మ మెషీను జోలికి పోలేదు. చేతికుట్టు పని ఏదో ఒళ్లో వేసుకుని, వచ్చినవాళ్లను సైగలతోనే పంపేస్తూ గుమ్మంలో కూర్చుంది.