నింజాకు పంపకాలు

ఒక నింజా ఎన్నిసార్లు దూకాలి, ఎంతమందిని నరకాలి అన్నది తేల్చడానికి కల్యాణ్ పక్కనున్న మా తెలుగు నేతగాళ్ల వాడ పద్మనగర్‌లో ముగ్గురు పెద్దమనుషులు కూర్చున్నారు. బయట చెబితే ఎవరూ నమ్మరు. ఆ రోజు వాళ్లకు చాయ్ అందించి, తలుపు పక్కన నిలబడి తీర్పు విన్నదాన్ని నేను. ఆ నింజాను పుట్టించింది నేనే కాబట్టి లోపలికి రానిచ్చారు. కూర్చోమని మాత్రం ఎవరూ అనలేదు.

మాది కింద షెడ్డు, పైన ఇల్లు. షెడ్డులో ఇరవై నాలుగు మరమగ్గాలు. మేమంతా వాటిని సాంచాలనే అంటాం. అవి నడుస్తున్నంతసేపూ పైన నేల వణుకుతూనే ఉంటుంది, గ్లాసులో నీళ్లు కూడా నిలకడగా ఉండవు. కల్యాణ్‌లో యానిమేషన్ కోర్సు చేసి వచ్చాక, ఆ వణికే నేల మీదే ఒక మూల గదిలో కంప్యూటర్ పెట్టుకుని ఒక వీడియో ఆట తయారుచేయడం మొదలుపెట్టాను. పక్క నుంచి చూసే ఆట. తెర మీద నల్ల బట్టల నింజా ఎడమ నుంచి కుడికి పరుగెత్తుతాడు. గోడలు పాకుతాడు, కప్పుల మీంచి దూకుతాడు, అడ్డం వచ్చినవాణ్ణి కత్తితో కొడతాడు. రెండేళ్లు నేనొక్కదాన్నే వాడికి నడక నేర్పాను, దూకడం నేర్పాను. చుట్టాలొచ్చి అడిగితే అమ్మ "కంప్యూటర్ల ఏదో బొమ్మలు గీస్తది" అని, నాకు జ్వరం తగిలినట్టు చెప్పేది.

తరువాత అన్న వచ్చాడు. ఇంజనీరింగ్ చదివి, మాన్కోలి గోదాములో ఏడాది పాటు డబ్బాల మీద చీటీలు అంటించి, విసుగెత్తి నా గదిలోకి కుర్చీ లాక్కున్నాడు. అబద్ధమెందుకు, ప్రోగ్రామింగ్ అన్నకు నాకంటే బాగా వచ్చు. గొడవల్లా ఏమిటంటే, అన్న దృష్టిలో నింజా అంటే కత్తి. నా దృష్టిలో నింజా అంటే కాళ్లు.

"దుంకుడు ఎవనికి కావాలె? కొట్లాట కొట్లాటకు నడుమ మెట్ల లెక్క ఉంటే సాలు" అనేవాడు.

"కొట్లాటలైతే దోమల లెక్క. ఒక్కటి కొట్టి ముందుకు పోవాలె" అనేదాన్ని.

ఇద్దరం పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అన్న ఆటలో తాను పెట్టిన శత్రువులకు ఎంత ప్రాణం పోశాడంటే, ఒక్కొక్కణ్ణి చంపేసరికి ఆడేవాడి బొటనవేలు వాచేది. పైగా వాళ్లు ఒక్క దెబ్బ కొడితే నింజా వెనక్కి జరిగి, నేను పెట్టిన గుంతలో పడి చచ్చేవాడు. నేనేం తక్కువ తినలేదు. అన్న మీద కోపంతో, కాలు మోపే అరుగులను వేలెడంత చేసేశాను. అక్కడ కత్తి తీస్తే చాలు, నింజా జారి పడతాడు. ఆడేవాళ్లకు సరదాగా ఉందా అన్న ప్రశ్న మా ఇద్దరికీ కలిసి పనిచేసిన ఆ నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా రాలేదు.

అప్పుడే పుణెలో ఆటలను మార్కెట్లోకి తెచ్చే ఒక కంపెనీ, మేము పంపిన నమూనా చూసి, ఆరు లెవెళ్లు తయారుచేసి చూపించమని ఉత్తరం రాసింది. రెండు నెలల గడువు. అది చూడగానే నాకు భయం పట్టుకుంది. ఆట నాది. నాదిగానే బయటికి పోవాలి. ఆ రోజుల్లో నాకు అంతకుమించి ఏ కోరికా లేదు.

మా లొల్లి సాంచాల చప్పుడును దాటి కిందికి వినిపించిన రోజున బాపు పైకి వచ్చాడు. మా బాపుకు పంచాయితీ అంటే ఒకటే పద్ధతి తెలుసు. పెద్దమనుషులను పిలవడం.

ముగ్గురిలో పెద్దాయనకు షెడ్లు పంచడంలో పేరుంది. పద్మనగర్‌లో అన్నదమ్ముల నడుమ లేచిన గోడల్లో సగం ఆయన నోటి మాట మీద లేచినవే. పన్నెండు సాంచాలు ఇటు, పన్నెండు అటు, మధ్యన ఇటుక గోడ, ఒకరి హద్దులో ఒకరు కాలు పెట్టొద్దు. మాది కూడా అలాంటి తగాదాయే అనుకుని ఆయన నిబ్బరంగా కూర్చున్నాడు.

"ఈ నింజా అంటే ఎవలు బిడ్డా?" అని అడిగాడు.

"జపానోడు తాతా" అన్నాను.

"ఏం పని జేస్తడు?"

"కొట్లాడ్తడు" అన్నాడు అన్న. "దుంకుతడు" అన్నాను నేను.

"గదే పంచాయితి" అన్నాడు బాపు.

రెండో పెద్దమనిషి నింజాది ఏం కులమని అడిగాడు. జపాన్‌లో కులాలు ఉండవని మూడో ఆయన మందలించాడు. "ఉండకుంట ఊరెట్ల నడుస్తది?" అని రెండో ఆయన చాలాసేపు ఆశ్చర్యపోయాడు. ఆ తరువాత కంప్యూటర్ ఎవరిదన్న మాట వచ్చింది. నడవని సాంచా ఒకటి పాత ఇనుము కొనే భంగార్ వాళ్లకు వేసి ఆ డబ్బుతో కొన్నదని బాపు చెప్పాడు. అయితే ఇది సాంచాల పంపకం కిందికే వస్తుందని ముగ్గురూ తల ఊపారు.

"ఆడివిల్లకు హిస్సా ఇచ్చుడు మన రివాజు గాదు" అన్నాడు పెద్దాయన. "గని పిల్ల కష్టపడ్డది. ఇయ్యకుంటే మంచిగుండదు. మూడు లెవెళ్లు పిలగానికి, మూడు పిల్లకు. తల్వార్ పెద్దోనిది, దుంకుడు పిల్లది. ఒకని హద్దుల ఇంకొకలు పోవద్దు."

నవ్వొచ్చే తీర్పే. నాకు మాత్రం ఆ క్షణాన నవ్వు రాలేదు, ఒళ్లంతా సంతోషమైంది. మా వాడలో ఏ ఆడపిల్లకూ దొరకని సగం నాకు దొరికింది. ఆ తీర్పును బాపు చేత కాగితం మీద పెట్టించుకున్నాను కూడా.

తీర్పును మేము అక్షరాలా అమలు చేశాం. లెవెల్‌కూ లెవెల్‌కూ మధ్య ఒక ద్వారం పెట్టాం. అక్కడ ఒక కాపలావాడు నింజా దగ్గర కత్తి తీసుకుని నా హద్దులోకి వదిలేవాడు. మూడు కొండలు దూకి వస్తే మళ్లీ కత్తి ఇచ్చి అన్న హద్దులోకి పంపేవాడు. అన్న లెవెళ్లలో నేల మా షెడ్డు నేలంత చదునుగా ఉండేది. ఒక్క గడప అడ్డం వచ్చినా నింజా దాటలేడు, ఎందుకంటే దూకడం నా ఆస్తి. నా లెవెళ్లలో కొండలు, లోయలు, వేలాడే తాళ్లు అన్నీ ఉండేవి, మనిషి మాత్రం ఉండడు. పంపకం ఎంత న్యాయంగా జరిగిందంటే ఆట చచ్చిపోయింది. ఇంట్లో మాత్రం అంత శాంతి ఎన్నడూ లేదు. అమ్మ సంతోషంతో సర్వపిండి చేసింది.

శుక్రవారం సాంచాలు బంద్. ఆ రోజు మా షెడ్డులో పనిచేసే వాళ్లను నలుగురిని పిలిచి ఆడించాం. ముగ్గురు మర్యాదకు "మంచిగున్నది" అని లేచిపోయారు. నాలుగో మనిషి కాక. జగిత్యాల దిక్కు పల్లె నుంచి, గుంట భూమి లేక, నేను పుట్టకముందే వచ్చి మా షెడ్డులో చేరినవాడు. ఒక్కడే నాలుగు సాంచాలు చూసుకుంటాడు. అందరం కాక అనే పిలుస్తాం. అతను కుర్చీ అంచున కూర్చుని, మీటలు నొక్కుతూ, అన్న లెవెల్లో ఒకే శత్రువును చాలాసేపు కొట్టాడు.

"వీడు ఒక్కతాననే నిలవడ్డడేంది బిడ్డా?" అన్నాడు. "వీనికి నాలుగు సాంచాలు ఇస్తే అయితదా? ఒక్కదాని కాడ నిలవడితె మిగిలిన మూడు బంద్ వడ్తయి."

అన్న ముఖం మాడిపోయింది. నేను లోపల్లోపల సంబరపడుతుండగానే నా లెవెల్ మొదలైంది. కాక నాలుగైదు సార్లు దూకి, మీటల మీంచి చెయ్యి తీసేశాడు.

"ఇక్కడనేమో పని లేకుంట ఉరుకుతుండు" అన్నాడు.

"మరి ఎట్లుండాలె కాకా?" అని అడిగాను. అడగడంలో కొంచెం వెటకారం కూడా ఉంది, దాచను.

"పోవుడు పోవుడే కండె మార్చాలె" అన్నాడు కాక. నాకు అర్థం కాలేదని గ్రహించి, లేచి గదిలోనే చూపించాడు. ఒక సాంచా దగ్గర, పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో నూలు కండె అయిపోతే, ఆగి మార్చడట. రెండో సాంచా వైపు నడుస్తూ, చెయ్యి ఇటు, కన్ను అటు. చేతిలోని కండె పెట్టి సాంచాను తోసిన ఊపు మీదే అడుగు ముందుకు పడాలట. నాలుగు అడుగుల గదిలో ఆ మనిషి తిరిగిన తీరు చూస్తే, రెండేళ్లుగా నేను గీసిన నింజా పిండి బొమ్మలా కనిపించాడు. నాకు సిగ్గేసింది.

కాక దిగిపోయిన గంటకే పెద్దమనుషుల గోడను కూలగొట్టాను. కాపలావాణ్ణి తీసేసి కత్తి తిరిగి ఇచ్చాను. దూకుతూ కొడితే నింజా ఆగకూడదు, ఆ దెబ్బ ఊపుతో ఇంకొక దూకు రావాలి. కొట్టకపోతే అవతలి కప్పు అందదు, దూకకపోతే శత్రువు అందడు. కాలు మోపడానికి అరుగు లేని చోటల్లా గాలిలో ఒక శత్రువును నిలబెట్టాను. అన్న చూసి మొదట తీర్పు తప్పుతున్నావని కోప్పడ్డాడు. ఆడి చూశాక కుర్చీ దగ్గరికి లాక్కుని, కత్తి వేటు రెప్పపాటు ముందే పడేలా జరిపాడు. ఆ రెప్పపాటుతో ఆటకు ప్రాణం వచ్చింది. అది అన్న చేసిందే, కాదనను. మిగిలిన మూడు వారాలూ ఏది నీది, ఏది నాది అని మేమిద్దరం అనుకోలేదు. నా జీవితంలో అంత సుఖంగా పనిచేసిన రోజులు లేవు.

పుణె వాళ్లకు నచ్చింది. ఒప్పందం కాగితాలు పంపారు. ఆట హక్కుదారు ఎవరన్న చోట ఒకే ఒక గీత, ఒకే పేరు పట్టే చోటు. బాపు మిఠాయి పట్టుకుని పెద్దమనుషుల దగ్గరికి వెళ్లాడు, వాళ్ల మాట పట్టుకుని తిరిగొచ్చాడు.

"గోడ తీసేసిండ్రు గదా, ఇగ పంపకమేంది అంటున్నరు" అన్నాడు బాపు. "కలిసున్న సొత్తు పెద్దకొడుకు పేరు మీదనే ఉంటదట. గదే రివాజు."

ఆట చచ్చి ఉన్నంత కాలం అందులో సగం నాది. ఆటకు ప్రాణం పోసేసరికి నా వంతు గుండుసున్నా. బాపు చేత రాయించుకున్న కాగితం తెచ్చి చూపించాను. పెద్దమనుషులే మాట మార్చాక దానికి విలువేముందని, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అన్న నేల చూస్తూ, "ఆట చివర వచ్చే పేర్ల చిట్టాల నీ పేరు కూడ పెడ్తం చెల్లె" అన్నాడు. ఆ కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి, నింపడం నాకు అలవాటు. హక్కుదారు గీత మీద అన్న పేరు నేనే టైపు చేశాను. ఎవరూ చెయ్యి పట్టుకుని చేయించలేదు. ఇప్పటికీ అది తలచుకుంటే నా మీద నాకే మండుతుంది.

ఆట బయటికి వచ్చింది. ఆడినవాళ్లు పొగిడిందల్లా ఒక్కటే. ఎక్కడ కొట్లాట ఆగి దూకడం మొదలవుతుందో తెలియడం లేదట. కంపెనీ వాళ్లు వీడియో కాల్‌లో దాని గురించి అన్నను తరచి అడిగేవాళ్లు. అన్న మైకు మూసేసి నా వైపు తిరిగేవాడు. నేను చెప్పింది విని, మైకు తెరిచి అప్పజెప్పేవాడు. ఇలా మూడు కాల్స్ నడిచాయి. నాలుగో కాల్‌లో అన్న మైకు మూశాడు, నేను నోరు మూశాను. అన్న మైకు తెరిచి, "నాకు తెలియదు, ఇది మా చెల్లె చేసింది" అని హిందీలో చెప్పి లేచి నిలబడ్డాడు. బాపు పక్క గదిలో వింటున్నాడని తెలిసే చెప్పాడు.

నేను కూర్చున్నాను. అవతలి ఆయన ఆదరంగా, ఈ పొందిక మీకు ఎలా తట్టిందమ్మా అని అడిగాడు. ఆట మొదలుపెట్టిన నాటి నుంచి ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు వెన్ను నిటారుగా పెట్టాను.

"ఆలోచిస్తుంటే తట్టింది సార్" అన్నాను.

ఒప్పందంలో నా పేరు కూడా చేర్చి కొత్త కాగితం పంపిస్తామన్నారు. పనిచేసిన వాళ్లందరి పేర్లతో చిట్టా తిరగరాసి పంపమన్నారు. బాపు షెడ్డులోకి దిగిపోయాడు. మొదటి పేరు నాది రాశాను, రెండోది అన్నది. గెలిచానని ఒళ్లు తేలిపోతోంది. మూడో గీత దగ్గర చెయ్యి ఆగింది. నా హిస్సా కోసం ఇంత లొల్లి చేసిన నాకు, అప్పటిదాకా కాక గుర్తుకు రానే లేదు.

కిందికి దిగాను. కాక నాలుగు సాంచాల నడుమ తిరుగుతున్నాడు. నన్ను చూసి నవ్వి, చప్పుడులో గట్టిగా అడిగాడు.

"నీ జపానోడు ఇప్పుడు నిలవడ్తలేడు గదా?"

"లేదు కాకా" అన్నాను.

షెడ్డు గుమ్మంలో బాపు ఉంటే, కాక అసలు పేరు, ఇంటిపేరు ఏమిటని అడిగాను. బాపు తల గోక్కున్నాడు. ఇరవై ఐదేళ్లుగా తన సాంచాలు నడుపుతున్న మనిషి.

"అందరం కాక అనే అంటం గదా. గట్లనే రాయి" అన్నాడు.

కాకనే అడగవచ్చు. పది అడుగుల దూరంలో ఉన్నాడు. అడిగితే ఎందుకో చెప్పాలి, పుణె వాళ్లతో ఏమన్నానో కూడా చెప్పాలి. మూడో గీత ఖాళీగానే ఉంది, చిట్టా ఇంకా పంపలేదు.