నారింజ రంగు బారు

ఆ రోజుల్లో కంప్యూటర్ చెప్పిందంటే నిజమేనని గట్టిగా నమ్మేదాన్ని, ముఖ్యంగా దాని ముందు కూర్చున్నది నేనైనప్పుడు. సూరత్‌లో ఒక చీరల కంపెనీలో అమ్మకాల లెక్కలను తెరమీద బొమ్మలుగా చూపే డాష్‌బోర్డులు చేసే ఉద్యోగం, మొదటి మూడు నెలలు పరీక్షాకాలం. ఆ ఊళ్లోనే మన తెలుగు నేతవాళ్లుండే గోడాదరాలో మగ్గాలు నడిపే మా బాపు, మా గల్లీలో ఆఫీసు కుర్చీ ఎక్కిన మొదటి ఆడపిల్ల తన బిడ్డేనని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేశాడు. ఇక ఆ ఉద్యోగం పోతే బాపు తల ఎత్తుకుని తిరగలేడు.

ఏ రంగు చీర ఎంత అమ్ముడవుతోందో చూపే డాష్‌బోర్డు నా మొదటి ఘనకార్యం. చీర రంగుకొక బారు, అంటే అమ్మకాన్ని బట్టి పొడుగయ్యే నిలువు పట్టీ. బార్లకు రంగులు సాఫ్ట్‌వేర్ దానంతటదే వేసుకుంది (చూడ్డానికి బాగుందని నేనూ అడ్డు చెప్పలేదు). ఎర్రచీరల బారుకు నారింజ రంగు, నారింజ చీరల బారుకు నీలం పడ్డాయి. ఏ బారు దేనిదో కింద చీమలంత అక్షరాల్లో రాసే ఉంది. కానీ కంపెనీ యజమాని, మా సేఠ్, ముప్పై ఏళ్లుగా రంగులు చూసి వ్యాపారం చేసిన మనిషి, అక్షరాలు చూసి కాదు. గోడమీది టీవీలో అన్నిటికన్నా పొడుగ్గా నిలబడ్డ నారింజ బారును చూసి "వాహ్ బేటీ!" అని, అద్దకం మిల్లుకు ఫోన్ చేశాడు. నేను పొంగిపోయి ఆ పూట రెండు చాయ్‌లు తాగాను.

మర్నాడు మిల్లులో రంగులు కలిపే మామ (మా గల్లీ మనిషే) ఫోన్ చేశాడు. "ఏందే బిడ్డా, దసరా సరుకంత నారింజనే అద్దుమన్నడు మీ సేఠు. ఆయన పానం మంచిగనే ఉన్నదా?"

టీవీ వంక చూశాను. నారింజ బారు కింద 'ఎరుపు' అని రాసుంది. నా ప్రాణం బాగాలేకుండా పోయింది. "జర ఆపు మామా!"

"ఆపుత గానీ, ఒక లాట్ అయిపాయె గద."

సేఠ్ గదిలోకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన బయటికొచ్చి టీవీలో బారు కింది అక్షరాలు చదివి, "ఎర్రచీరను ఎర్రగా చూపించడానికి ఎంత చదవాలి బేటీ?" అన్నాడు. హిందీలో అడిగినా తెలుగులోనే తగిలింది. అద్దేసిన ఆ లాట్ చీరలన్నీ అమ్ముడుపోతే ఉండు, లేకపోతే లేదన్నాడు.

ఆ లాట్‌లోంచి ఒక చీర పట్టుకుని ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మ, "ఏమైతది, రంగు మంచిగనే ఉన్నది" అని దాన్నే చుట్టుకుని గల్లీలోకి బయల్దేరింది. "మా బిడ్డ కంప్యూటర్ల తీసిన రంగు" అని బాపు మగ్గాల షెడ్డులో ప్రచారం చేశాడు (అందులో అబద్ధమేమీ లేదు). ఆ యేడు బతుకమ్మ ఆటలో గోడాదరాలో సగం గల్లీలు నారింజ రంగులోనే తిరిగాయి. పై నెల డాష్‌బోర్డులో నారింజ చీరలదే పొడుగు బారు. చూశారా, కంప్యూటర్ ముందే చెప్పిందని ఆఫీసంతా చాటుకున్నాను.

మొన్న అమ్మ ఆ వెలిసిన చీర మడత పెడుతుంటే, అప్పట్లో అందరికీ ఎంత నచ్చిందోనన్నాను. అమ్మ నవ్వి, "ఎవ్వలకు నచ్చలే బిడ్డా. నీ కొలువు పోతదని కొన్నరు" అంది. ఆ బారు ముందు అంత గర్వంగా నిలబడ్డ నాలోని ఆ పిల్లకు ఈ సంగతి నేను ఇప్పటికీ చెప్పలేదు.